నేను టీ తాగని స్టేషన్

ఆస్ట్రేలియా ఎడారిలో మేం ఐదు రోజులు చిక్కుకుపోయాం. తాగడానికి చుక్క నీళ్లు లేవు. నెత్తి మీద గద్దలు తిరుగుతున్నాయి.

సరే, ఐదు రోజులు కాదు, ఐదు గంటలు. నీళ్లు కూడా ఉన్నాయి. అర లీటరు సీసాలు ఆరు, మా ఆవిడ కలిపిన మజ్జిగ ఒక ఫ్లాస్కు. గద్ద మాత్రం నిజం, కానీ ఒక్కటే, అది కూడా మా కోసం వచ్చిందని చెప్పలేను. డెబ్బై నాలుగేళ్ల అలవాటు ఇది. మాట మొదలుపెట్టగానే నా ప్రమేయం లేకుండా పెద్దదైపోతుంది. ఇవాళ మాత్రం ఎక్కడ పెంచానో అక్కడే దించుకుంటూ పోతాను. ఎందుకంటే ఇలా పెంచిన మాట ఒకటి మా అల్లుణ్ణి చంపినంత పని చేసింది.

నేను సింగపూరు వచ్చింది ఓడలు బాగుచేసే యార్డులో ఫిట్టరుగా. సెంబవాంగ్‌లోనే పని, సెంబవాంగ్‌లోనే కాపురం. ఒకసారి పశ్చిమ ఆస్ట్రేలియా రేవులో ఒక ఓడ ఇంజను మొరాయిస్తే యార్డువాళ్లు మమ్మల్ని ఎనిమిదిమందిని పంపారు. తొమ్మిది రోజుల పని. ఆ తొమ్మిది రోజులూ ఓడ అడుగున, ఇంజను గదిలోనే. నేను చూసిన ఆస్ట్రేలియా అంతా కలిపి ఒక జెట్టీ, ఒక రేకుల షెడ్డు, ఆ షెడ్డులో నాణెం వేస్తే చాక్లెట్టు పడే మిషను.

తిరిగొచ్చాక "ఎలా ఉందండీ ఆ దేశం?" అని మా ఆవిడ అడిగింది. చాక్లెట్టు మిషను గురించి ఎంతసేపని చెప్తాం? రెండు కంగారూలను కలిపాను. తర్వాతి వారం ఎడారిని కలిపాను. మా అమ్మాయి స్కూలు దాటేసరికి తొమ్మిది రోజులు ఆరు నెలలయ్యాయి, నేను జీపు నడుపుకుంటూ ఆ దేశాన్ని ఈ కొస నుంచి ఆ కొసకి దాటేశాను. బిషాన్‌లో స్నేహితుల ఇంట్లో ఆదివారం భోజనాలకి కలిసినప్పుడు కుర్రకారు "అంకుల్, ఆ ఎడారి కథ చెప్పండి" అని చుట్టూ చేరేవాళ్లు. చెప్పేవాణ్ణి. చెప్పిన ప్రతిసారీ జీపు టైరు ఒకటి ఎక్కువ పేలేది.

అల్లుడిది కాకినాడ వైపు. చాంగీ బిజినెస్ పార్కులో ఒక బ్యాంకు కంప్యూటర్ల పని చూస్తాడు. అందరం ఒకే ఇంట్లో ఉంటాం. నెమ్మదస్తుడు. 'మామయ్య గారూ' అని చేర్చకుండా నాతో ఒక్క మాట పూర్తిచెయ్యడు. నేనూ అతణ్ణి బాబూ, మీరు అనే అంటాను, అల్లుడు కదా. అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగింది, దానికి ఈ మర్యాదలన్నీ వేళాకోళం. "మీరిద్దరూ ఆఫీసు మీటింగ్‌లో ఉన్నట్టు మాట్లాడుకుంటారు లా" అంటుంది, ఇక్కడివాళ్లలా మాట చివర 'లా' తగిలించి.

అమ్మాయికీ అల్లుడికీ ఒకేసారి రెండు వారాలు సెలవు దొరికింది. ఆస్ట్రేలియా ఉత్తరాన డార్విన్ దాకా విమానం, అక్కడ పెద్ద బండి ఒకటి అద్దెకు తీసుకుని దేశం నడిబొడ్డు దాకా రోడ్డు మీద వెళ్లడం, అదీ వాళ్ల పథకం. మమ్మల్ని కూడా రమ్మన్నారు. "నాన్న ఉన్నాడు కదా, మనకి గైడెందుకు?" అని అమ్మాయి నవ్వింది. అల్లుడు నవ్వలేదు. మడతల మ్యాపు తెచ్చి రెండు చేతులతో నాకిచ్చి, ముందు సీటు చూపించాడు.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. మ్యాపు చేతిలో పడ్డాక ఎవడికైనా చెప్పబుద్ధవుతుందా?

మూడు రోజులు ఏ ఇబ్బందీ లేదు. రోడ్డు గీత గీసినట్టు ఉంటుంది, అటూ ఇటూ ఎర్రమట్టి, బూడిదరంగు పొదలు. గంటసేపు వెళ్లినా వెళ్లినట్టుండదు. నేను "ఇంకో పది నిమిషాల్లో ఎడమ వైపు వంపు వస్తుంది" అనేవాణ్ణి, పది నిమిషాలకి కాకపోయినా ఎప్పుడో ఒకప్పుడు వచ్చేది. నాలుగో రోజు ఏవో ఎర్ర కొండలు చూద్దామని పెద్ద రోడ్డు వదిలి పక్క రోడ్డు పట్టాం. ఆ మలుపు దగ్గర ఒక రోడ్‌హౌస్ ఉంది. అంటే పెట్రోలు బంకు, కొట్టు, పడుకోవడానికి నాలుగు గదులు, అన్నీ ఒకే కప్పు కింద. బంకు ముందు ఇళ్లంతేసి బళ్లు మూడు వరసలో ఉన్నాయి. పక్కన బోర్డు మీద 'ఇక్కడి తర్వాత పెట్రోలు 260 కిలోమీటర్లకు' అని రాసి ఉంది.

మా బండిలో పావు ట్యాంకు కంటే కొంచెం ఎక్కువ ఉంది.

"నింపించుకుందామా మామయ్య గారూ? అరగంట పట్టేట్టుంది" అన్నాడు అల్లుడు.

నేను బోర్డు చూసి నవ్వాను. "ఏ కొట్టువాడైనా ఇంతే బాబూ. ముందు ఇంకో కొట్టు లేదంటేనే కదా మనం ఇక్కడ కొనేది."

"అంటే ముందు ఇంకోటి ఉందంటారా?"

మ్యాపు విప్పి చూపించాను. మేం వెళ్లే దారి మీద డెబ్బై కిలోమీటర్ల దూరంలో చిన్న చుక్క. పక్కన ఏదో పేరు, పేరు చివర స్టేషన్ అని ఉంది. ఇంకో ఎనభై పోతే ఇంకో చుక్క, ఇంకో స్టేషన్.

తెలుగువాడికి స్టేషన్ అంటే ఏమిటి? రైలైనా ఆగాలి, పోలీసులైనా ఉండాలి. రెండింట్లో ఏది ఉన్నా బయట టీ బడ్డీ ఉంటుంది, పదిమంది మనుషులుంటారు, పెట్రోలుంటుంది. సింగపూరులో ఇంకా నయం, స్టేషన్లో దిగి మెట్లెక్కితే తిండీ తిప్పలూ ఎదురుగానే ఉంటాయి. స్టేషన్ అనే మాటని నమ్మి నేను జీవితంలో ఎక్కడా చెడిపోలేదు.

"ఈ స్టేషన్లలో ఒకదాంట్లో నేను టీ కూడా తాగాను" అన్నాను. నన్నెవరూ అడగలేదు. నోరు అలా అనేసింది.

అల్లుడు బోర్డు వైపు చూశాడు, పెట్రోలు ముల్లు వైపు చూశాడు, నా వైపు చూశాడు. మాకు సింగపూరులో కారు లేదు, రైల్లోనే తిరుగుతాం. మా ద్వీపం ఆ చివర నుంచి ఈ చివరకి యాభై కిలోమీటర్లు. రెండు వందల అరవై అంటే మాకు దూరం కాదు, నాలుగైదుసార్లు సముద్రంలో పడటం. ఆ అంకె మా ఇద్దరికీ బుర్రకెక్కలేదు. "సరే మామయ్య గారూ" అని అతను బండి తీశాడు.

మొదటి స్టేషన్ వచ్చింది. ఒక ఇనుప గేటు, దాని మీద పేరు రాసిన రేకు, లోపలికి పోయే మట్టిదారి. అంతే.

"స్టేషన్ ఏది నాన్నా?" అంది వెనక నుంచి అమ్మాయి.

"ఇది లోపలికుంటుందమ్మా. రోడ్డు మీదది ముందుంది."

"బ్లఫ్ కొట్టకు."

"బ్లఫ్ ఏంటి? ఆ టీలో అల్లం వేశారు, ఇప్పటికీ గుర్తు."

అల్లుడు పెట్రోలు కలిసొస్తుందని ఏసీ ఆపి అద్దాలు దించాడు. అతను భయపడుతున్నాడని నాకు అప్పుడు తెలిసింది. అప్పుడైనా వెనక్కి తిప్పమంటే తిరిగి వెళ్లేంత పెట్రోలు ఉంది. అనలేదు. మళ్లీ ఆ బంకు ముందు దిగి మొహం ఎలా చూపించడం అనుకున్నాను.

రెండో గేటు కనపడుతూ ఉండగా ఇంజను రెండుసార్లు దగ్గింది. ఆ దగ్గు నాకు తెలుసు, అది నా వృత్తి. బండి గేటుకి వంద అడుగుల ఇవతల ఆగిపోయింది.

అదే రకం గేటు. పక్కన గుంజకి అడ్డంగా కట్టిన నూనె పీపా, ఉత్తరాలు వేసి పోవడానికి కాబోలు. లోపల మట్టిదారి ఎర్రటి మిట్ట ఎక్కి అవతలికి దిగిపోతోంది. ఫోన్లు నాలుగు తీశాం, నాలుగింట్లోనూ సిగ్నల్ లేదు. ఎండ యాభై డిగ్రీలు. కాదు, ఆగేముందు బండిలో చూసిన అంకె నలభై ఒకటి. మధ్యాహ్నం పన్నెండున్నర. తలుపు తియ్యగానే ఈగలు కళ్లలోకీ ముక్కులోకీ వచ్చి వాలాయి.

"ఇదేనా మామయ్య గారూ, మీరు చెప్పింది?"

అందరూ నా వైపే చూస్తున్నారు.

"ఇదే" అన్నాను. "ఆ మిట్ట దాటితే కనపడుతుంది. పది నిమిషాల నడక."

"పదేనా?" అంది మా ఆవిడ.

"పదిహేననుకో."

అల్లుడు టోపీ పెట్టుకున్నాడు. మా ఆవిడ తువ్వాలు తడిపి మెడ మీద వేసింది. అమ్మాయి మాత్రం అడ్డం నిలబడింది. "ఏమైనా సరే బండి వదిలి వెళ్లొద్దని అద్దెకిచ్చిన ఆవిడ రెండుసార్లు చెప్పింది. నువ్వూ విన్నావు. వద్దు లా."

"పదిహేను నిమిషాలే కదా. మామయ్య గారికి తెలిసిన చోటే" అన్నాడతను. తర్వాత నా వైపు తిరిగి, "ఈలోగా రోడ్డు మీద ఏదైనా బండి వస్తే పొడుగ్గా హారన్ కొట్టండి, వచ్చేస్తాను" అన్నాడు. రెండు సీసాలు తీసుకున్నాడు. గేటు తీసి లోపలికి వెళ్లి, వెనక్కి తిరిగి గేటు మళ్లీ జాగ్రత్తగా వేసి గడియ పెట్టాడు. అవతల ఎవరి ఇల్లో ఉందన్న నమ్మకం అది.

ఆ నేల మీద దూరం కంటికి అందదు. పది నిమిషాల్లో మిట్ట ఎక్కేస్తాడనుకున్నాను. ఇరవై నిమిషాలైనా మిట్ట అక్కడే ఉంది, మనిషి మాత్రం చిన్నవాడయ్యాడు.

ఊరికే ఉండలేక గేటు దాకా వెళ్లాను. కడ్డీ పట్టుకుని కిందికి చూశాను. పెట్రోలు దొరికే ఏ చోటికైనా వెళ్లే దారి ఎలా ఉంటుందో నాకు తెలుసు. టైర్ల చారలుంటాయి, నూనె బొట్లుంటాయి, తాగి పారేసిన డబ్బాలుంటాయి. ఈ దారిలో ఉన్నవి గిట్టల గుర్తులు. టైరు చార ఒకటుంది, అదీ గాలికి సగం చెరిగిపోయింది.

మా ఆవిడ పక్కకొచ్చి నిలబడింది. "ఏం చూస్తున్నారు?"

"ఏం లేదు."

"టీ ఎవరిచ్చారు మీకక్కడ?"

"ఎవరో ఆడమనిషి."

"అల్లం వేసి మరీ ఇచ్చిందా?"

నేను మళ్లీ గిట్టల గుర్తుల వైపు చూశాను.

"ముప్పై ఏళ్లుగా ఆ ఆస్ట్రేలియాలో ప్రతి కంగారూనీ పేరు పెట్టి చెప్పారు. ఈ ఆడమనిషి గురించి ఒక్కసారీ చెప్పలేదే?" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "పిల్లాణ్ణి వెనక్కి పిలవండి."

"బండి వస్తేనే కదా హారన్ కొట్టమన్నాడు. ఊరికే కొడితే అబద్ధమవుతుంది."

మా ఆవిడ నా వైపు తిరిగి చూసింది. "ఇప్పుడు గుర్తొచ్చిందా?" అంది.

వెళ్లి హారన్ మీద అరచెయ్యి ఆనించి తియ్యకుండా నొక్కాను. అతను ఆగలేదు. గాలి అటు నుంచి ఇటు వీస్తోంది, మోత మా మీదికే తిరిగి వస్తోంది. అమ్మాయి కారు నీడలోంచి లేచింది. "బండి వచ్చిందా? ఎక్కడ?"

"రాలేదు. అవతల ఏమీ లేదమ్మా. నేనక్కడికి ఎప్పుడూ వెళ్లలేదు."

అది నన్ను తిట్టలేదు. చున్నీ తీసి చేత్తో పట్టుకుని, గేటెక్కి దూకి, అరుస్తూ ఆ దారి వెంట పరుగెత్తింది. మా ఆవిడ గేటు దగ్గర నిలబడి వెనక్కి రమ్మని కేకలు. ఇప్పుడు ఎండలో ఇద్దరు. నా మోకాళ్లు నన్ను ఆ గేటు కూడా ఎక్కనివ్వవు. మూడంతస్తుల ఇంజన్లు విప్పి బిగించిన చేతులు నావి, ఆ మధ్యాహ్నం వాటికున్న పనల్లా ఒక మీట నొక్కి పట్టుకోవడం. బ్యాటరీ ఎంతసేపు ఓర్చుకుంటుందో అన్న లెక్క ఒకపక్క తిరుగుతూనే ఉంది. మిట్ట దాటి దిగితే ఇక ఏ మోతా వినపడదు.

అతను మిట్ట మీదికి చేరాడు. ఆగాడు. అవతలికి చూస్తూ నిలబడ్డాడు.

సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ క్షణంలో నేను ఆశపడ్డాను. అవతల నిజంగానే స్టేషన్ ఉందేమో, బయట బల్ల మీద టీ గ్లాసులున్నాయేమో అనుకున్నాను.

అతను వెనక్కి తిరిగాడు. హారన్ విన్నాడో, చున్నీ చూశాడో. తిరిగి, పరుగందుకున్నాడు. రోడ్డు మీద బండి వచ్చింది, పోకముందే అందుకోవాలి అన్నట్టు పరుగు. "పరుగెత్తొద్దు బాబూ!" అని అరిచాను. ఎవరికి వినపడుతుంది? నడిచి వస్తే సరిపోయే మనిషిని నేనే ఆ ఎండలో పరుగెత్తించాను.

గేటు దాటేసరికి అతని మొహం కాలిన ఇటుకలా ఉంది. పెదాల చివర తెల్లగా ఎండిపోయింది. అమ్మాయి భుజం పట్టుకుని నడిపిస్తోంది.

"బండేదీ?" అన్నాడు రోడ్డుకి అటూ ఇటూ చూసి.

"బండి రాలేదు బాబూ."

"మరి హారన్?"

"మిమ్మల్ని వెనక్కి పిలవాలని. నాకీ చోటు తెలీదు. ఈ దేశంలో నేను ఓడ దిగి వంద గజాలు నడవలేదు. జీపు లేదు, ఎడారి లేదు, టీ లేదు."

అతను విన్నాడో లేదో తెలీదు. చక్రానికి చేరగిలబడి కూర్చుని వాంతి చేసుకున్నాడు. ఆ తర్వాత చేతులు వణకడం మొదలుపెట్టాయి. మా ఆవిడ అతని తల ఒళ్లో పెట్టుకుని మజ్జిగ చెంచాతో పట్టింది. మ్యాపు నాలుగు మడతలు పెట్టి విసనకర్రలా విసిరింది. ఆ వారంలో ఆ మ్యాపు పనికొచ్చింది ఇందుకొక్కదానికే. నా వంతు సీసా తీసుకెళ్లి అందించాను. "మీరు తాగండి మామయ్య గారూ" అన్నాడు కళ్లు మూసుకునే. ఆ మర్యాద భరించలేకపోయాను.

అమ్మాయి చాలా అంది, ఇంగ్లీషులోనూ తెలుగులోనూ. అన్నీ న్యాయమే. ఒకటి మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది. "నువ్వు చెప్తే ఆయన కాదనడని నీకు తెలుసు కదా నాన్నా."

తెలుసు. అందుకే అతనికి చెప్పడం నాకంత ఇష్టం.

ఆ తర్వాత చెయ్యడానికి ఏమీ లేదు. నీడ కారుతో పాటు కదిలింది, నీడతో పాటు మేం కదిలాం. అతను గాలి పీల్చే చప్పుడు వింటూ కూర్చున్నాను. ఒకసారి సన్నగా, ఒకసారి గబగబా. ఒక్కోసారి మధ్యలో ఆగినట్టనిపించేది, అప్పుడు నేనూ ఊపిరి బిగబట్టేవాణ్ణి. ఇంజనైతే ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలిసేది.

ఐదున్నర దాటాక వచ్చింది, వెనక తొట్టి ఉన్న పాత బండి. నడిపేది నా వయసు మనిషే, పక్కన కుక్క. ఏమీ అడక్కుండా ముందు అల్లుడి దగ్గరికి వెళ్లి కళ్లు చూశాడు, తొట్టిలోంచి నీళ్ల క్యాను దింపి తల మీద పోశాడు. తర్వాత మా ట్యాంకులో డబ్బాతో పెట్రోలు పోస్తూ ఉంటే అమ్మాయి అడిగింది, ఈ స్టేషన్ ఎక్కడుంది అని. ఆయనకి ముందు ప్రశ్నే అర్థం కాలేదు. అర్థమయ్యాక చెప్పాడు. ఇక్కడ స్టేషన్ అంటే పశువుల్ని పెంచే భూమి. వాళ్లకి అదే పొలం. ఈ గేటు నుంచి వాళ్ల ఇల్లు యాభై కిలోమీటర్ల పైన.

మా ద్వీపమంత దూరం. దానికి నేను పదిహేను నిమిషాలన్నాను.

"ఎవరైనా లోపలికి నడిచారా?" అనడిగాడాయన.

నేను నోరు తెరిచేలోపే అల్లుడు, "ఊరికే చూసొద్దామని కొంచెం దూరం వెళ్లాను" అన్నాడు. ఆయన అతని మొహం చూశాడు, మా అందరి మొహాలూ చూశాడు, నీళ్ల క్యాను మా దగ్గరే వదిలి వెళ్లిపోయాడు.

అమ్మాయే బండి నడిపి ముందున్న రోడ్‌హౌస్‌కి చేర్చింది. అక్కడ ఒక నర్సు చూసి ఉప్పునీళ్లు పట్టించి, ఇంకో గంట అయితే వేరేలా ఉండేదంది. మర్నాడు సాయంత్రానికి అతను లేచి వరండాలో కుర్చీలో కూర్చున్నాడు. నేనూ వెళ్లి పక్కన కూర్చున్నాను. మామగారు అల్లుణ్ణి క్షమాపణ అడిగే పద్ధతి మాలో లేదు, ఎలా మొదలుపెట్టాలో తెలీదు.

"తప్పైపోయింది బాబూ" అన్నాను చివరికి.

"నాకు ముందే తెలుసు మామయ్య గారూ. తొమ్మిది రోజులే అని పెళ్లైన కొత్తలోనే అత్తయ్య గారు చెప్పారు."

"తెలిసీ ఎందుకు వెళ్లారు?"

"బంకు దగ్గరైతే, అందరి ముందూ కాదంటే బాగుండదని ఊరుకున్నాను. గేటు దగ్గర మాత్రం... ఇలాంటి చోట కూడా అబద్ధం చెప్పరులే అనుకున్నాను."

కోపంగా అనలేదు. అడిగాను కాబట్టి చెప్పాడు.

సింగపూరు వచ్చేశాం. అతను మళ్లీ ఆఫీసుకెళ్తున్నాడు. నన్ను మామయ్య గారూ అనే అంటాడు, ముందు నాకే కాఫీ ఇమ్మంటాడు. మారింది ఒక్కటే. నేను వాన వచ్చేట్టుందంటే, "అలాగా మామయ్య గారూ" అని నవ్వి, వెళ్లి కిటికీలోంచి చూస్తాడు. రైళ్లు ఆలస్యమట అంటే ఫోన్ తీస్తాడు. అతను కావాలని చేస్తున్నాడని కూడా అనుకోను.

పోయిన వారం పొద్దున మా బ్లాకులో లిఫ్టులు రెండూ ఆగిపోయాయి. నేను పాలకని దిగి, తొమ్మిది అంతస్తులు మెట్లెక్కి వచ్చాను. నిజంగానే తొమ్మిది. దారిలో నాలుగుసార్లు కూర్చున్నాను. అతను బూట్లు తొడుక్కుంటున్నాడు.

"లిఫ్టులు పనిచెయ్యడం లేదు బాబూ, రెండూ" అన్నాను.

"అలాగా మామయ్య గారూ" అన్నాడు. బ్యాగు భుజాన వేసుకుని, మెట్లు దాటుకుని లిఫ్టు దాకా వెళ్లి మీట నొక్కాడు. నిలబడ్డాడు. ఇంకోసారి నొక్కాడు.

అతను మెట్ల వైపు తిరిగేదాకా నేను గుమ్మం గ్రిల్లు పట్టుకుని అక్కడే ఉన్నాను.